అట్టమీది పాదం

మధ్యాహ్నం మూడింటికే చీకటి కమ్మింది. సూర్యుణ్ణి ఎవరో గొంతు నులిమి మూటగట్టినట్టు కాటుకమేఘాలు మేడల నెత్తిన కూర్చున్నాయి. దిక్కులు దద్దరిల్లేలా ఉరుములు... పగటిపూట నోరు విప్పని గుడ్లగూబ ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద వాలి అదే పనిగా కూస్తోంది. ఆ కూతకు తాళం వేసినట్టు మూడో అంతస్తు గదిలో అడుగుల చప్పుడు. టప్... టప్... టప్...

పెయింటర్ భార్య నడుస్తోంది.

పొద్దున్న పదకొండు నుంచీ నడుస్తూనే ఉంది. తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి. కళ్లు తెరిచే ఉన్నాయి గాని వాటిలో ఆమె లేదు. కాళ్లకు తెల్లటి కాన్వాస్ షూస్. రెండూ పక్కపక్కన ఉంటే కలిసి, నల్లరంగుతో వేసిన ఒకే స్త్రీముఖం... కరాళ వదనం, వేలాడే జిహ్వ. ఎడమ షూ మీద కన్ను ఉంది. కుడి షూ మీద కన్ను ఉండవలసిన చోట ఖాళీ. మడమల దగ్గర తెల్లగుడ్డ ఎర్రగా తడిసింది.

పెయింటర్ లేసులు కోశాడు. కోసిన చోటే మళ్లీ ముడి బిగుసుకుంది. కాళ్లు వాటేసుకుని ఆపబోతే గోడకు విసిరికొట్టింది, ఆరేళ్లుగా అతని మీద చెయ్యెత్తి ఎరగని మనిషి.

ఒకప్పుడు అతడు దుకాణాల బోర్డులు రాసేవాడు. మిషన్లు వచ్చి ఆ పని మింగేశాక, కుర్రకారు తొడుక్కునే షూల మీద పులులూ పువ్వులూ వేసి బతుకుతున్నాడు. ఖాళీ షూ మీద రంగు వేస్తే గుడ్డ ముడత పడుతుంది, ఆ ముడత దగ్గరే రంగు పగులుతుంది. అందుకని అందరూ లోపల కాగితాలు కుక్కుతారు. ఇతడు మాత్రం భార్యకు తొడిగి, స్టూలు మీద కూర్చోబెట్టి వేస్తాడు. "ఊళ్లో ఉన్న మంచి షూలన్నీ ముందు నేనే తొడుక్కుంటున్నాను. మహారాణికైనా ఉందా ఈ భాగ్యం?" అని ఆమె నవ్వేది.

మూడు రోజుల కిందట ఒక బూడిదరంగు కోటువాడు వచ్చాడు. చేతిలో కొత్త షూస్, సంచిలో మనిషి పుర్రె చిప్ప, దాని నిండా చిక్కటి నల్లరంగు.

"ఈ రంగే వాడాలి. ముఖం వెయ్యి. కళ్లు మాత్రం నేను పెట్టుకుంటాను."

"ముందు పాదం గీయించుకోవాలి సార్. వేళ్లు ఎక్కడ మడుస్తాయో తెలియకుండా ఆర్డరు తీసుకోను."

"వేసుకునేది నేను కాదు."

"అయితే ఆ వేసుకునేవాళ్లనే తీసుకురండి."

కోటువాడు పళ్లు నూరి, షూ ఎవరికోసమో చెప్పడం ఇష్టంలేక, తన కాలే అట్టముక్క మీద పెట్టాడు. షూ చూస్తే చిన్నది, పాదం చూస్తే చాటంత. మనకెందుకులే అనుకుని పెయింటర్ పెన్సిలుతో చుట్టూ గీసి, అట్టను మేకుకు తగిలించాడు.

తక్కినదంతా చేతి అలవాటు చేసిన పాపం. ఇరవై ఏళ్లుగా ఒక్క ముఖాన్నీ గుడ్డిగా వదలని చెయ్యి. ఇవాళ పొద్దున్న ముఖం పూర్తయ్యాక ఆ చెయ్యి ఊరుకోలేదు, ఎడమ కన్ను పెట్టేసింది. ఆ క్షణమే భార్య గొంతులోంచి భార్యది కాని కేక...

ఇప్పుడు తలుపు తెరుచుకుంది. కోటువాడు. నడుస్తున్న ఆమెను చూసి తీరిగ్గా నవ్వాడు.

"కళ్లు నేను పెడతానన్నానా లేదా? ఇరవై ఏళ్లుగా ఆ చిప్పలో బంధించి ఉంచిన శక్తిని నిద్రలేపావు కదరా. నా శత్రువు కూతురికని తెచ్చిన చావు నీ పెళ్లానికి అంటించుకున్నావు."

"నా ప్రాణం తీసుకోండి సార్. మా ఆవిణ్ణి వదిలెయ్యమనండి."

"ఆ శక్తి సగం చూపుతో ఉంది, నా మాట వినదు. పొద్దుగూకేదాకా నడిపిస్తుంది, తర్వాత గుండె ఆగుతుంది. రెండో కన్ను పెట్టు, నాకు లొంగుతుంది. నీ భార్య బతికే ఉంటుందిలే... నా దగ్గర, నా దాసిగా. మొదటిది పెట్టిన చెయ్యే రెండోదీ పెట్టాలి. కానియ్."

ఆమె నోటి నుంచి నురగ కారుతోంది. అడుగు తడబడుతోంది. పెయింటర్ కుంచె అందుకున్నాడు. మణికట్టు మొదలు వేళ్లదాకా వణుకు. ఇన్నేళ్లూ ఆమె కాళ్లను అచ్చుగా వాడుకున్నందుకా ఈ శిక్ష... ఏడుస్తూ తలెత్తాడు. మేకుకు అట్టముక్క వేలాడుతోంది.

"చెయ్యి కుదురుగా లేదు సార్. తప్పుగా పడితే మీకే నష్టం. ఒకసారి అట్టమీద వేసి చూసుకుంటాను."

"సరే, ఏడువు. త్వరగా కానియ్."

చిప్పలో కుంచె ముంచాడు. అట్టమీది గీత లోపల ముఖం వేశాడు, జిహ్వ వేశాడు. వణుకు ఆగిపోయింది. ఎడమ కన్ను. అడుగుల చప్పుడు నెమ్మదించింది. అప్పుడు చూశాడు కోటువాడు, ఆ గీత ఎవరి పాదానిదో.

"ఒరేయ్, ఆగరా..."

కుడి కన్ను.

పిడుగు పడ్డట్టు గది తెల్లబారింది. ఆమె నిలువునా కూలిపోయింది. పుర్రె చిప్ప రెండుగా చీలింది. రెండు కళ్లూ తెరుచుకున్న ఆ మహాశక్తి ఇరవై ఏళ్ల తర్వాత మొట్టమొదట చూసినది తనను బంధించినవాడి పాదాన్ని... టప్... టప్... ఈసారి నడుస్తున్నది కోటువాడు. మంత్రాలు చదివాడు, నాలుక పిడచకట్టింది. కాళ్లు అతణ్ణి మెట్లు దింపి నడివీధిలో కుండపోత వానలోకి లాక్కెళ్లాయి. వేళ్లు మడిచే చోట చర్మం పగిలింది. పగులు మోకాలికి, నడుముకి, ముఖానికి పాకింది. పగిలిన రంగులా పెచ్చులు పెచ్చులుగా లేచి, నల్లగా కరిగి కాలవలో కలిసిపోయాడు. రోడ్డు మీద కోటు మిగిలింది.

చదువుకున్నవాళ్లు దీన్ని భ్రమ అంటారు. వాళ్ల ఇంటిదాని కాళ్లు కావుగా అవి.

షూస్ వాటంతట అవే జారిపడ్డాయి. పెయింటర్ ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. వాటిలో ఆమే ఉంది.

"ఏమండీ..."

"చెప్పవే."

"రేపట్నుంచి లోపల కాగితాలు కుక్కుకోండి."