పై కొక్కేనికి వేలాడిన తొడ

మాంసం కొట్టాయన వచ్చి కూర్చోవడమే తడవు, కంగారులో సగం టీ బల్ల మీద ఒలకబోశాడు. డిటెక్టివ్ గారు మసిగుడ్డతో బల్ల తుడిచి, "ఇప్పుడు చెప్పు బాబూ" అంది. పక్కనే కాగితం, కలం పట్టుకుని ఆవిడ కోడలు. అత్తగారి తెలివిని మనసారా మెచ్చుకుంటుందని చుట్టాలంతా ఆ పిల్లనే అనుమానంగా చూసేవారు.

"మా మేకమాంసంలో రోగక్రిములున్నాయని తనిఖీ అధికారి రెండుసార్లు రాశాడండీ. వచ్చేవారం మూడోసారీ దొరికితే కొట్టుకు తాళమే! కోసేచోట పరీక్ష చేయిస్తే శుభ్రంగానే ఉంది. మా కొట్టుకొచ్చాకే చెడుతోంది. కత్తి పట్టేది మా బావమరిది. వాడే ఏదో చేస్తున్నాడు. గెంటేస్తానంటే, వాడితోపాటు నేనూ పోతానంటోంది మా ఆవిడ."

"కొట్టు మూతపడితే వాడికేం లాభం?"

"ఎదురుగా సొంత కొట్టు పెడతాడేమో!"

"ఆలూ లేదు, చూలూ లేదు" అంటూ ఆవిడ చెప్పులు తొడుక్కుంది.

కొట్లో బావమరిది కత్తిని మరిగే నీళ్ళలో ముంచి తీస్తున్నాడు. "అనుమానం ఉన్నచోట కత్తి పట్టడం కష్టమండీ" అన్నాడు తలెత్తకుండా.

"కూర్చోండమ్మా!" కొట్టాయన తండ్రి స్టూలు తుడిచి, గుడ్డ బకెట్లో ముంచి పిండి, తక్కెడ తుడిచాడు. ఈగ వాలబోయిన తొడను కూడా నిగనిగలాడించాడు. "పొద్దుటినుంచీ ఇదే పని. మురికి కనబడితే ఒట్టు!"

"కొట్టు అద్దంలా ఉంది బాబాయిగారూ" అని మెచ్చుకుంది కోడలు.

అత్తగారు మాత్రం రెండు పనులు పురమాయించింది. మర్నాడు బావమరిది ఇంటిపట్టునే ఉండాలి. ఒకే మేక తొడలు రెండూ వేలాడదీయాలి, ఒకటి కింద, ఇంకోటి పై కొక్కేనికి. మధ్యాహ్నం రెంటి ముక్కలూ కోడలే పరీక్షకు పట్టుకెళ్ళింది.

ఫలితం రాగానే ఆవిడ అందరినీ కొట్లో కూర్చోబెట్టింది.

"ఆవేళ కత్తి పట్టింది నువ్వే బాబూ. అయినా కింది తొడ చెడింది. అంటే మీ బావమరిది కాదు. పైది చెడలేదు. ఒకే మేక, ఒకే కత్తి, అవే ఈగలు. తేడా ఒక్కటే. పైదానికి మీ నాన్నగారి చెయ్యి అందలేదు."

ముసలాయన లేచి నిలబడ్డాడు. "నేను విషం పెట్టానా!"

"అయ్యో, శుభ్రం పెట్టారు. స్టూలు, తక్కెడ, మొద్దు, ఆఖరికి మాంసం, అన్నిటికీ ఒకటే తడిగుడ్డ. పొద్దుటి బకెట్ నీళ్ళే మధ్యాహ్నానికీ. ఎక్కడో ఉన్న క్రిముల్ని ఊరంతా పంచిపెట్టారు. తడి దొరికితే అవి పిల్లాపాపలతో కాపురం పెట్టవూ?"

ముందుగా ఫక్కున నవ్వింది కొట్టాయన భార్య. అన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరంతా ఆ నవ్వులో పోయింది.

"ఒరే, కత్తి తీసుకో" అని గొణిగాడు కొట్టాయన.

"ముందు నువ్వు తిట్టినవన్నీ వెనక్కి తీసుకో బావా!"

"మరి నేనేం చెయ్యనమ్మా?" అన్నాడు ముసలాయన దిగాలుగా.

"విసనకర్ర ఊపండి. మాంసానికి జానెడు దూరంలో."

మూడో తనిఖీలో కొట్టు నెగ్గింది. ఆ కబురు వినగానే సంబరంలో అత్తగారే టీ ఒలకబోసింది. మసిగుడ్డ కోసం తడిమింది. లేదు. వంటింట్లో గిన్నె కుతకుతలాడుతోంది.

"ఏం ఉడుకుతోందే అమ్మాయ్?"

"రెండో ముద్దాయి, అత్తయ్యా."