మడత తప్పింది

దగ్గరికి జరగండర్రా. ఇంకా ఇలా రండి. నా గొంతు ఈమధ్య దూరం పోవడం లేదు.

ఆ రోజు బడి నుంచి వస్తూనే మా మనవరాలు సంచిని మూలకు విసిరేసింది. దాన్ని మేమంతా వసపిట్ట అంటాం. నిద్రలో తప్ప నోరు మూతపడదు.

కిటికీ పక్కన స్టూలు మీద దాని బాబాయి కూర్చున్నాడు. అంటే నా చిన్నకొడుకు. వాడికి పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. ముప్పై దాటినా మాట నిదానం, నేర్చుకోవడం నిదానం. కానీ లాండ్రీలో తువ్వాలు మడత పెట్టాడంటే అంచుకు అంచు కలవాల్సిందే!

కొన్నాళ్లుగా పని మధ్యలో ఆయాసపడి కూలబడిపోతున్నాడు. "బద్ధకం నేర్చాడమ్మా," అని లాండ్రీ యజమాని ఇంటికి పంపేశాడు. అప్పటి నుంచి పగలంతా ఆ కిటికీ దగ్గర ఒక్కడే. ఇంట్లో ఉన్న తువ్వాళ్లే విప్పుతాడు, మళ్లీ మడుస్తాడు. ఎదురుగా ఇంకో స్టూలు వేసి ఉంచుతాడు. దాని మీద ఎవరూ కూర్చోరు.

"పిట్టా... మడత తప్పింది," అన్నాడు.

"అయితే మళ్లీ పెట్టు బాబాయ్! నేను ఆడుకోవడానికి పోవాలి."

"మడత... తప్పింది."

"అబ్బా! నిన్నా అదే, ఇవాళా అదే. నీ తువ్వాళ్ల గోల నాకెందుకు?"

చెప్పులేసుకుని వీధిలోకి తుర్రుమంది. వాడు ఆ ఖాళీ స్టూలుకే మెల్లగా చెప్పుకున్నాడు. "తప్పింది."

బంతి మరిచిపోయి వసపిట్ట వెనక్కి వచ్చింది. బాబాయి నుదుటి నిండా చెమట. పక్కన తువ్వాళ్ల దొంతర. ఒక్క మడతా వంకర లేదు.

"మరి ఏ మడత బాబాయ్?"

వాడు వెంటనే చెప్పలేకపోయాడు. అది స్టూలు మీద కూర్చుంది. మొదటిసారి నోరు మూసుకుని ఎదురుచూసింది. వాడు దాని చెయ్యి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు.

టక్. టక్. తర్వాత ఏమీ లేదు. ఉన్నట్టుండి టకటకమని రెండు.

"నానమ్మా!" అన్న కేకకి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను.

ఆసుపత్రిలో వాడి ఛాతీకి వైర్లు అంటించి, డాక్టరమ్మ తెర చూసింది.

"ఇది బద్ధకం కాదు. గుండె కొట్టుకునే వరుస తప్పుతోంది. ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పాడు," అంది వసపిట్ట తల దించుకుని. "తువ్వాళ్ల గురించేమో అనుకున్నాను."

ఇప్పుడు మందులు వాడుతున్నాం. లాండ్రీ వాళ్లు ఇంకా పిలవలేదు. వాడి పగళ్లు అలాగే, ఆ కిటికీ దగ్గరే. కానీ సాయంత్రం బడి సంచి దించగానే వసపిట్ట వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది.

"బాబాయ్, ఇవాళ మడతలెలా ఉన్నాయి?"

అడిగి ఊరుకుంటుంది. వీధిలోంచి పిల్లలు పిలుస్తూనే ఉంటారు. జవాబు వచ్చేదాకా అది కదలదు.

ఇది గుర్తుంచుకుని మీ వాళ్లకీ చెప్పండర్రా. చెప్పేటప్పుడు కథలో వాడు మాట్లాడే చోటు వస్తే మాత్రం తొందరపడకండి. కాస్త ఆగండి.