ఉత్తరాన ఎరుపు

తెర మీది దేశపటంలో ఉత్తర ప్రాంతం పండుమిరపకాయలా ఎర్రగా ఉంది. ఆ రంగు వేసిన సేల్స్ కుర్రాడు మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"ఉత్తరం ఇంతలా తగలబడుతోందా?" అన్నారు ఎండీ గారు. ఫిర్యాదుల విభాగం అమ్మాయి వైపు తిరిగి, "సోమవారం నుంచి నువ్వు అక్కడి ఆఫీసుకి వెళ్ళమ్మా. అంతా చక్కబడ్డాకే ఇటు రా" అని చెప్పి, ఎవరి మాటా వినకుండా లేచి వెళ్ళిపోయారు.

కుర్రాడు తన మ్యాపునీ ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూశాడు. ఏడాదిగా అతను దాహం లేకపోయినా మంచినీళ్ళకి ఆ అమ్మాయి సీటు పక్కనుంచే వెళ్తున్నాడు. తాగీ తాగీ ఆరోగ్యం బాగుపడింది గానీ, ఒక్కసారీ మాట కలపలేకపోయాడు.

ఆ రోజు మాట ఆమే కలిపింది. వరండాలో పట్టుకుని కడిగేసింది. అదే మీటింగులో అతనికంటే ముందు ఆమె చూపించిన ఫిర్యాదుల మ్యాపులో ఉత్తరం పచ్చగా ఉంది. అక్కడినుంచి ఫిర్యాదులే లేవు మరి.

"పచ్చగా ఉన్నచోట నిప్పు పెట్టారేంటండీ?"

"నిప్పేంటి? మన ఫ్యాన్లు అక్కడే బాగా అమ్ముడవుతున్నాయి. మా సేల్స్‌లో ఎంత ఎరుపైతే అంత గొప్ప."

"మా దగ్గర ఎంత ఎరుపైతే అన్ని తిట్లు."

అప్పటికి గానీ ఇద్దరికీ విషయం అర్థం కాలేదు. ఎండీ గారు ఆమె రంగుల లెక్కతోనే అతని మ్యాపు కూడా చూసేశారు.

"ఏ రంగుకి ఏం అర్థమో మూలన సూచిక పెట్టాలి కదా?"

"స్లైడు అందం పాడవుతుందని తీసేశాను."

ఆమె చూసిన చూపుకి మాత్రం ఏ సూచికా అక్కర్లేకపోయింది. తర్వాత మెల్లగా, తనకి వెళ్ళాలని లేదని చెప్పింది. ఆ వారమే అతని ప్రమోషన్ తేలాల్సి ఉంది. అయినా తిన్నగా ఎండీ గారి గదిలోకి వెళ్ళి తప్పు ఒప్పేసుకున్నాడు.

ఆయన ముందు నవ్వారు. తర్వాత తాను నవ్వకూడదని గుర్తొచ్చి కోప్పడ్డారు. అమ్మాయి బదిలీ రద్దయింది, కుర్రాడి ప్రమోషన్ కూడా రద్దయింది. పైగా ఇకమీదట ఆ అమ్మాయి చూసి సరేననకుండా అతని మ్యాపు ఒక్కటీ తెర ఎక్కకూడదని శిక్ష వేశారు. ఆ శిక్ష విని మొహం వేలాడేసుకోవడానికి అతను పడ్డ కష్టం అంతా ఇంతా కాదు.

వానలు మొదలై ఫ్యాన్లు కొనే నాథుడు లేకపోయినా అతని మ్యాపులు తగ్గలేదు. ఆమె ప్రతిదానికీ వంకలు పెట్టేది, అతను సంతోషంగా దిద్దుకునేవాడు. నెమ్మదిగా వంకలు తగ్గి కబుర్లు పెరిగాయి.

ఒక సాయంత్రం అతను ఆమె ముందు కొత్త మ్యాపు పెట్టాడు. అది దేశానిది కాదు, వాళ్ళ ఆఫీసుది. అన్ని గదులూ వెలిసిపోయినట్టున్నాయి. ఒక్క సీటు మాత్రం ఎర్రగా ఉంది. అది ఆమె సీటు. మూలన సూచిక గడి ఖాళీగా ఉంది.

"ఈ ఎరుపు మీదా, మాదా?" అంది ఆమె.

"మాదేనండీ. మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ సూచికేదో మీరే రాయండి."

కిటికీ అవతల వాన దంచికొడుతోంది. ఆమె మ్యాపును తిప్పి తిప్పి చూస్తున్నంతసేపూ అతను సీసాడు నీళ్ళు తాగేశాడు. చివరికి ఆమె పెన్ను తీసి, ఆ ఖాళీ గడిలో గుండ్రంగా రాసింది:

"ఫిర్యాదులు లేవు."