ఇరవై సెకన్ల దొంగ

డాన్స్ మాస్టారు ఇంకా గాల్లో ఉండగానే పాట అయిపోయింది.

అందులో ఆయన తప్పేమీ లేదు. నాలుగు నిమిషాల పాట. ఆఖరి దెబ్బ మీద కాళ్లు నేలకి తగిలేలా ఆయన గెంతు అల్లుకున్నారు. ఆ దెబ్బ ముందే పడిపోయింది. ఆయన నిశ్శబ్దంలో, ఒంటరిగా, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ మీద దిగారు. కుర్చీ రెండు ముక్కలైంది.

"మూడు నిమిషాల నలభై సెకన్లు," అన్నాడు డాక్టర్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చూస్తూ. పగలంతా పళ్లు పీకుతాడు. మా బ్యాండులో పాడేదీ, పెత్తనం చేసేదీ అతనే. "ఇరవై సెకన్లు ఎవరో మింగేశారు."

"మింగినవాణ్ణి తీసెయ్యండి," అన్నారు మాస్టారు, మోకాలు పట్టుకుని నేల మీంచే. "ఆరింటికి స్టేజి ఎక్కాలి. ఐదింటిలోగా వాణ్ణి పంపించేస్తారా, లేకపోతే నేను రికార్డు పెట్టుకుని ఆడుకోనా?"

డాక్టర్ నా వైపు తిరిగాడు. పీకాల్సిన పన్ను ఏదో తేలిపోయాక పేషెంటుని చూసే చూపు అది.

గోడ గడియారంలో మూడుంబావు.

నా మీద అనుమానం రావడానికి కారణం ఉంది. బ్యాండులో నా పేరు గోకుడు. నేను వాయించేది రిథమ్ గిటార్, అందులోనూ ఫంక్. ఎడమ చేత్తో తీగల్ని నొక్కీ నొక్కనట్టు పట్టుకుని, కుడి చేత్తో చకచకా గోకడమే అందులో సగం పని. ఆరు నెలల కిందట చేరినప్పుడు, పాటలో ఎక్కడ కాస్త ఖాళీ కనిపించినా అందులో దూరిపోయేవాణ్ణి. ఆరు తీగలూ మోగించేవాణ్ణి.

నన్ను ఆపింది బేస్ గిటార్ వాయించే అమ్మాయి.

"భోజనానికి పిలిస్తే పక్కవాళ్ల కంచంలో కూడా చెయ్యి పెడతావా?" అని అడిగింది మొదటి రోజే.

"అర్థం కాలేదండీ."

"మొదటి దెబ్బ నాది. దాని మీద అడుగు పెట్టకు. ఆరు తీగలెందుకు, కింద రెండు సన్నవి చాలు. డాక్టర్ పాడుతుంటే నోరు మూసుకున్నట్టే చెయ్యి కూడా మూసుకో. వాయించడం వచ్చుగా, ఇక వాయించకుండా ఉండటం నేర్చుకో."

నేర్చుకున్నాను. రెండు తీగలు, కాస్త ఖాళీ, మళ్లీ రెండు తీగలు. ఖాళీలో కూడా చెయ్యి ఊగుతూనే ఉండాలి, తీగకి మాత్రం తగలకూడదు. ఆ ఖాళీల్లో తలెత్తితే ఎదురుగా ఆమె ఉండేది, నాకు తెలీకుండానే నవ్వొచ్చేసేది. వాయించకుండా ఉండటంలో ఇంత హాయి ఉందని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నన్ను తీసేస్తే పోయేది గిటారు కాదు. అది ఇంట్లోనూ వాయించుకోవచ్చు. కానీ మా ఇంట్లో తలెత్తితే ఎదురుగా కనిపించేది బీరువా.

"గోకుడే అయ్యుంటాడు," అన్నాడు డ్రమ్మర్. గదిలో కూడా నల్ల కళ్లజోడు తియ్యడు. "నేనైతే కాదు. కళ్లు మూసుకుని వాయిస్తాను. లోకంతో నాకు సంబంధమే ఉండదు."

"నేనూ కాదు," అంది ఆమె, నా వైపు చూడకుండా. "తనకే చెయ్యి ఊరుకోదు. గోకుతూనే ఉంటాడు."

"నేనెవర్ని గోకానండీ?"

"పాటని. పాటనే అన్నాను." శుభ్రంగా శ్రుతిలో ఉన్న తీగని మళ్లీ బిగించడం మొదలుపెట్టింది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మేము ప్రాక్టీసు చేసే గది గడియారాల షాపు మీద ఉంది. ఆ షాపు ఆమె నాన్నగారిది. కంటికి బిగించుకునే భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుని ఆయన గుమ్మంలో నిలబడ్డారు. ఈ ఆరు నెలల్లో ఆయన నాతో అన్నది ఒకే మాట: "మెట్లు మెల్లగా దిగు."

"రెండో నిమిషం దాకా బానే ఉంది," అన్నారాయన. "అక్కణ్ణించే పరుగు. కింద నలభై గడియారాలున్నాయి. మీ పాట వినీ వినీ అవి కూడా చెడిపోతాయేమోనని నా భయం."

"దొంగ దొరికాడు అంకుల్," అంటూ డాక్టర్ నన్ను చూపించాడు.

"గడియారం ముందుకెళ్తుంటే ముల్లుని తిట్టం బాబూ. విప్పి చూస్తాం. ఈ అబ్బాయి లేకుండా ఒకసారి కానివ్వండి."

నేను లేకుండా వాయించారు. సరిగ్గా నాలుగు నిమిషాలు.

"ఇంకేం," అన్నారు మాస్టారు. "గిటారు సంచిలో పెట్టుకోమనండి."

నేను వైరు పీకబోయాను. "ఉండు," అన్నారు ఆమె నాన్నగారు. "ఇప్పుడు నువ్వు ఒక్కడివే వాయించు."

వాయించాను. సరిగ్గా నాలుగు నిమిషాలు.

ఆయన చూపంతా నా కుడి చేతి మీదే ఉంది. "మోగినా మోగకపోయినా ఒకేలా ఊగుతోంది. ఇది గడియారంలో లోలకం. ఈ చేతికి తనంతట పరుగెత్తడం రాదు."

"వాడు లేకపోతే నాలుగు, వాడొక్కడే అయినా నాలుగు, అందరూ కలిస్తే దొంగతనమా?" అన్నాడు డ్రమ్మర్. "గదిలో దెయ్యముంది."

"ఈ వైరు ఎంత దూరం వస్తుంది?" అని అడిగారాయన.

"మెట్ల దాకా అండీ."

"అయితే బయట నిలబడి వాయించు. తలుపు వేసేస్తాం."

బయట వాన మొదలైంది. మెట్ల మీద రేకు ఉంది కానీ, ఆ రేకుకి వానని ఆపే ఉద్దేశం లేదు. గిటారుని గోడ వైపు తిప్పి, వీపు వానకి ఇచ్చేసి, తలుపు వెనక నుంచి వచ్చే బేస్ వింటూ నా రెండు తీగలు వాయించాను. ఖాళీల్లో తలెత్తితే తలుపు గొళ్లెం కనిపించింది.

తలుపు తెరుచుకుంది. మాస్టారు గది మధ్యలో, రెండు కాళ్ల మీద, క్షేమంగా నిలబడి ఉన్నారు.

"సరిగ్గా నాలుగు," అన్నాడు డాక్టర్ నీరసంగా.

"గిటారు అదే, చెయ్యి అదే," అన్నారు ఆమె నాన్నగారు. "ఈసారి గదిలో లేనిది ఒక్కటే."

"ఏంటది?"

"ఇతని మొహం."

అందరూ నా మొహం చూశారు. అందులో అంత విషయం ఉందని నేనూ అనుకోలేదు. నీళ్లు తుడుచుకున్నాను.

"ఈ మొహం ఎదురుగా ఉంటే ఎవరి చెయ్యో పరుగెడుతోంది, మిగతావాళ్లనీ లాక్కెళ్తోంది," అంటూ ఆయన వేళ్లు ముడిచారు. "డాక్టర్ బాబు గోడ వైపు తిరిగి పాడతాడు. డ్రమ్స్ అబ్బాయి కళ్లు మూసుకుంటాడు. మాస్టారు గాల్లో ఉంటారు. ఇక ఎదురుగా నిలబడేది..."

ఆగిపోయారు. నుదుటి మీది భూతద్దం జారి కంటి మీద పడింది. అంత పెద్దదైన ఆ ఒక్క కంటితో కూతురి వైపు తిరిగారు.

రెండో నిమిషం గుర్తొచ్చింది. పాటలో నా పెద్ద ఖాళీలన్నీ అక్కణ్ణించే మొదలవుతాయి.

కింద నలభై గడియారాలూ ఒకేసారి నాలుగు కొట్టాయి.

"నాన్నా, షాపులో ఎవరో వచ్చినట్టున్నారు," అంది ఆమె.

"రానీ."

"ఎవరో తేల్చండి, పంపించేద్దాం," అన్నారు మాస్టారు.

నేను ముందుకొచ్చాను. "నేనే మాస్టారూ. దొంగని నేనే. నన్ను పంపించెయ్యండి."

"నిన్నెవరు అడిగారు?" ఆమె నా మీద విరుచుకుపడింది. "ఖాళీ కనిపిస్తే దూరొద్దని ఆరు నెలల నుంచీ మొత్తుకుంటున్నానా లేదా?"

"అది కాదండీ..."

"ఇంకా అండీ ఏంటి?"

ఆమె నాన్నగారు దగ్గారు. "ఎవర్నీ పంపించక్కర్లేదు. సాయంత్రం ఈ బాబు జనం వైపు తిరిగి వాయిస్తే సరిపోతుంది." గుమ్మం దాకా వెళ్లి, భూతద్దం పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశారు. "పాట అయ్యాక ఎటు తిరిగినా నాకు అభ్యంతరం లేదు. షాపు తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది, ఇద్దరూ కలిసి రండి. మెట్లు మెల్లగా దిగండి."

"అదంతా మీ ఇంటి విషయం," అన్నారు మాస్టారు. "కుర్చీ విరిగింది, మోకాలు వాచింది. దొంగెవరో నాకు చెప్పి తీరాలి."

నేను నోరు తెరవబోయి, ఈసారి మూసుకున్నాను. ఆమె లావు తీగని ఒక్కసారి మోగించింది. మొదటి దెబ్బ. దాని మీద నేను అడుగు పెట్టలేదు.

"నేనే మాస్టారూ," అంది, నా వైపు చూస్తూ. "తను నవ్వితే నాకు లెక్క తప్పుతోంది."