కమాండర్ గదిలో ఆకుపచ్చ దీపం

నూకన్నను చంపింది సముద్రం కాదు.

ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర శవం తేలినప్పుడు పోర్టర్లూ పడవలవాళ్లూ ఒకటే అన్నారు. సునామీలో పెళ్లాం బిడ్డల్ని పోగొట్టుకున్నాడు, మూడు నెలలు ఓర్చుకుని చివరికి తనూ నీళ్లలోకి దిగాడని. పోలీసులు ఆత్మహత్య అని రాసుకున్నారు. ఆ మాట విని నిఘా విభాగం ఏజెంట్ మధులత పళ్లు కొరికింది. అంత కెరటంలోంచి ఈదుకుని బయటపడ్డవాడు జెట్టీ పక్కన మునిగి చస్తాడా?

మిడిల్ పాయింట్ బజారులో పాత స్టీరియోలు బాగుచేసే నూకన్న ఆమెకు ఇన్ఫార్మర్. చనిపోవడానికి ముందురోజే ఆమెకు ఫోన్ చేశాడు.

"దీదీ, కమాండర్ సాబ్ స్టీరియోకి నానెట్టింది పసుపు బల్బు. ఇప్పుడు పచ్చగా ఎలుగుతంది. ఎవుడో ఎల్‌ఈడీ ఎట్టేసాడు. గడ్‌బడ్ ఉంది, జల్దీ రా."

ఆమె ఓడ దిగేసరికి అతను లేడు.

చీఫ్ శివాజీ బ్రీఫింగ్ ముక్కలు ముక్కలుగా సాగింది. శిబిరాల్లోని నికోబార్ వాళ్లను ఇళ్లకు చేర్చే ఓడ ఆ సాయంత్రం బయల్దేరుతుంది. అందులోనే సముద్రగర్భాన్ని సర్వే చేసే సోనార్ కూడా వెళుతోంది. అది చేరడం ఒక విదేశీ ముఠాకు ఇష్టం లేదు. ఓడ ఏ దారిన వెళుతుందో తెలిసిన మరుక్షణం ఆ దారిలో మైన్, అంటే నీటి మందుపాతర, వేస్తారు. ఇంతవరకూ ఓడలకు దారి నిర్ణయించే కమాండర్ గోపీచంద్ ఫోన్‌లో చెప్పిన ప్రతి రూటూ ముఠాకు చేరిపోయింది. ఫోన్ క్లీన్. గదిలో ఏ ట్రాన్స్‌మిటరూ దొరకలేదు.

ఉప్పునీళ్లకు పాడైన సెట్లను ఊరికే బాగుచేసి ఇస్తూ, కమాండర్ స్టీరియోను కూడా ఈమధ్యే చూసిన 'సాగరస్వరం' ట్రస్టును సోదా చేయాలంది మధులత. ఆ జోలికి పోవద్దన్నాడు చీఫ్. దాన్ని నడిపే సాయిలక్ష్మి, ముఠాలోకి తామే పంపిన మనిషట.

మధులత ఒళ్లు మండిపోయింది. చీఫ్‌కు చెప్పకుండా కోస్ట్ గార్డ్‌లోని స్నేహితుడికి ఒక కోడ్ వర్డ్ ఇచ్చి, ట్రస్టు మెకానిక్ యూనిఫాం వేసుకుని కొండమీది కమాండర్ బంగళాకు వెళ్లింది.

స్టీరియో సముద్రంవైపు కిటికీకి ఎదురుగా ఉంది. ముందుభాగంలో చిన్న ఆకుపచ్చ దీపం. కిటికీ అవతల, బేలో లంగరేసిన ఒక తెల్లటి షికారు పడవ, యాట్. మధులత సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టి, పౌడర్ డబ్బా తెరిచి దీపానికి ఎదురుగా పట్టింది. డబ్బాలో ఉన్నది పౌడర్ కాదు, వెలుగును శబ్దంగా మార్చే సెన్సర్. వెనక ఎక్కడో కమాండర్ ఆర్డర్లీని టీ అడుగుతున్నాడు. ఆ గొంతు ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్‌లో, ఆకుపచ్చ వెలుగులోంచి వినిపించింది.

పాత బల్బులో ఫిలమెంట్ వేడెక్కి చల్లారాలి. మాట వేగానికి అది అందుకోలేదు. ఎల్‌ఈడీ కంటికి తెలియకుండా సెకనుకు వేలసార్లు మినుకుమంటుంది. సెట్లో దాచిన మైకు ఆ మినుకుల్లోకి మాటలు పంపుతోంది, యాట్‌లోని టెలిస్కోపు అందుకుంటోంది.

"మా స్టాఫ్‌లో నిన్ను చూసినట్టు లేదే." నీలం పట్టుచీర, తలమీదికి ఎత్తిన నల్లకళ్లద్దాలు. గుమ్మంలో సాయిలక్ష్మి.

అప్పుడే లోపలికొచ్చిన కమాండర్ ఇద్దరినీ పట్టించుకోకుండా ఫోనెత్తాడు. "కెప్టెన్, రూట్ రాసుకోండి."

మధులత అరచేత్తో దీపాన్ని కప్పేసింది.

"తూర్పు ఛానెల్," అన్నాడు కమాండర్.

సాయిలక్ష్మి చేతిలోకి పిస్టల్ వచ్చింది. చెయ్యి తీయమంది. మధులత తీయలేదు. దీపం మూసి ఉన్నంతసేపు గదిలో ఏం జరిగినా యాట్‌కు వినపడదు. కమాండర్ ఫోన్ పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు.

"నూకన్న నీకేం చేశాడు?" అంది మధులత.

"దీపాలు చూడటం మానలేదు. అయినా అతని కోసం ఏడ్చేవాళ్లెవరున్నారు? అందరూ కెరటంలోనే పోయారుగా."

మధులతకు కళ్లు ఎర్రబడ్డాయి. ఎడమచెయ్యి దీపం మీదే ఉంచి, కుడిచేత్తో కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ అందుకుని పిస్టల్ పట్టిన చేతిమీద అదిమింది. సాయిలక్ష్మి కేక పెట్టింది. గుండు పైకప్పులోకి దూసుకుపోయింది. కింద పడ్డ పిస్టల్‌ను కమాండర్ కాలితో తొక్కిపట్టాడు. ఆర్డర్లీ పరుగెత్తుకొచ్చి సాయిలక్ష్మి నోరు నొక్కాడు.

"సార్, ఫోన్ కట్ చేయండి. నేను చెయ్యి తీయగానే మళ్లీ రూట్ చెప్పండి. పడమటి ఛానెల్ అని. గొంతు వణకకూడదు."

మధులత చెయ్యి తీసింది. కమాండర్ కట్ చేసిన ఫోన్‌లోకి గంభీరంగా చెప్పాడు. కాసేపటికి యాట్ లంగరెత్తి పడమటివైపు కదిలింది. మధులత స్టీరియో ప్లగ్ పీకేసి వైర్‌లెస్‌లో కోస్ట్ గార్డ్ స్నేహితుడికి రెండే మాటలంది. "జాలరి వచ్చాడు."

నీళ్లలోకి మైన్ దించుతుండగా యాట్‌ను కోస్ట్ గార్డ్ పట్టుకుంది. శిబిరాల మనుషులతో ఓడ తూర్పుదారిన సాగిపోయింది. డెక్ మీద నిలబడ్డ పిల్లలు, ఎవరికో తెలియకపోయినా, ఒడ్డుకు చేతులూపారు. మధులత మాత్రం ఊపలేదు. ఆమె కోపం ఇంకా దిగలేదు.

చీఫ్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. తామే పంపిన సాయిలక్ష్మి పేరు బయటికి రాకూడదు కాబట్టి, నూకన్న ఫైల్లో ఆత్మహత్య అనే ఉండనిద్దామన్నాడు.

"హత్య అని మార్చండి సార్," అంది మధులత. "అన్నట్టు, మీ టేబుల్ మీది పాత రేడియోను కిందటి నెల బాగుచేయించి ఇచ్చింది ఆవిడే కదా. దాని దీపం ఏ రంగు?"

అవతల కుర్చీ కిర్రుమంది. తర్వాత, ప్లగ్ పీకిన చప్పుడు వినిపించింది.