మూడు రోజులు ఒకే ఎత్తు

"వెయ్యిన్నీ ఆరువందల పన్నెండు పాయింట్ నాలుగు సున్నా ఎనిమిది," అని తెర మీద అంకె చదివి డాక్టర్ హైమవతి కళ్లు మూసుకుంది. నిన్న సాయంత్రం ఇదే శంకుదేవుడి కొండ ఎత్తు 1,612.371 మీటర్లు. పొద్దున్నకి రెండు వేళ్ల మందం పెరిగింది.

"సోమన్నా! మళ్లీ రాయి వేశారా?"

కొండ పూజారి సోమన్న తలపాగా సర్దుకున్నాడు. "ఒక్కటే మేడమ్మా. బల్లపరుపుగా మంచి రాయి. కాళ్లు కడుక్కునే వేశాం."

అయ్యా, అమ్మా, ఈ గొడవేమిటో చెప్తాను, కాస్త సర్దుకు కూర్చోండి. ఇది 2061 నాటి మాట. ఆ భగవంతుడు కాలాన్ని అన్నిచోట్లా ఒకే వేగంతో నడిపించలేదు. నేలకు దగ్గరగా పిసరంత నెమ్మది, పైకి పోయేకొద్దీ పిసరంత వడి. ఒకేలాంటి అటామిక్ క్లాకులు రెండు తీసుకుని, ఒకటి విశాఖ సముద్రపు ఒడ్డున, రెండోది కొండ కొమ్మున పెట్టి, శాటిలైట్ ద్వారా పోల్చి చూస్తే పైది ఎంత ముందుకు పోయిందో తెలుస్తుంది. దాన్నిబట్టి కొండ ఎత్తు మిల్లీమీటరుతో సహా చెప్పొచ్చు. పర్వతరాజు కూతురి పేరు పెట్టుకున్న మన హైమవతి తొమ్మిదేళ్లు కష్టపడి చేసిన యంత్రం అదే. మన్యం వాళ్లు దాన్ని కొండగడియారం అన్నారు.

తూర్పు కనుమల్లో ముప్పై ఒక్క శిఖరాలు కొలవాలి. ఎలుగుబంటి మెట్ట 1,388.260, నెమలిగట్టు 1,540.117, ఇలా ఇరవై తొమ్మిది అయిపోయాయి. ప్రతి కొండా మూడు రోజులు వరుసగా ఒకే అంకె చూపాలని డబ్బిచ్చే కమిటీ షరతు. చూపకపోతే యంత్రం పెట్టెలోకి, ప్రాజెక్టు మూలకి. మిగిలినవి ఎదురెదురుగా ఉన్న శంకుదేవుడి కొండ, జాకరమ్మ కొండ.

అక్కడో ఆచారం. కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండక్కి మొదటి పిడికెడు సామలు ఎత్తయిన కొండ మీది దైవానికే. ఏది ఎత్తో ఎవరికీ తెలియదు కాబట్టి ఇన్నాళ్లూ ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. గడియారం వచ్చాక తెలిసిపోయింది. ఇక తమ కొండే పైకి రావాలని గడియారం కూర్చునే కొమ్మున మొక్కుబడి రాళ్లు పేర్చడం మొదలైంది.

"వాళ్లు వేస్తే మేం చూస్తా కూకోవాలేటి?" అంది జాకరమ్మ కొండ పెద్ద బుద్రమ్మ, తలమీది రాయి దించకుండానే. మర్నాడు జాకరమ్మ 1,612.455. ఆ మర్నాడు శంకుదేవుడు 1,612.490. ఇలా పదకొండు రోజులు!

పన్నెండో రోజు హైమవతి ఓపిక అయిపోయింది. "ఎత్తు ఎత్తు అని చస్తున్నారే, ఎత్తులో ఏముందో తెలుసా? అక్కడ కాలం ముందు పరిగెడుతుంది. వయసు ముందు మీదపడుతుంది!" అని అరిచేసి, వెంటనే నాలిక కరుచుకుంది. "అంటే... నూరేళ్లకి కూడా కనురెప్పపాటులో కోటోవంతు ఉండదనుకోండి."

రెండో మాట ఎవరు విన్నారు! మధ్యాహ్నానికల్లా రాళ్లు దిగడం మొదలైంది. శంకుదేవుడు 1,612.102. జాకరమ్మ 1,612.040. పోటీ అదే, దిక్కు మారిందంతే. హైమవతి తల పట్టుకుని కూర్చుంది.

చివరికి పెద్దలిద్దరూ కలిసే వచ్చారు. "ఏడవకు తల్లీ," అంది బుద్రమ్మ. "నీ గడియారం చూపిస్తా ఉండు, మేం సరిచేస్తాం. రెండూ సమానం చేసేస్తే ఎవరికీ బాధ లేదు. ఆపైన మూడ్రోజులు చెయ్యి పెట్టం, అమ్మ తోడు."

గులకరాయి తీసి, గులకరాయి పెట్టి, సాయంత్రానికి రెండూ 1,611.900కి తెచ్చారు. మూడు రోజులు అంకె కదల్లేదు. హైమవతి ఇద్దరి కాళ్లకీ దండం పెట్టి రిపోర్టు పంపింది.

వారానికి జవాబొచ్చింది. "రెండు వేర్వేరు శిఖరాలు మిల్లీమీటరుతో సహా సమానంగా ఉండటం ప్రకృతిలో జరగదు. యంత్రానికి తేడా పసిగట్టే శక్తి లేదని భావిస్తున్నాం. ఎల్లుండి కమిటీ స్వయంగా వస్తుంది. తేడా చూపలేకపోతే ప్రాజెక్టు రద్దు."

హైమవతి వాగులోంచి నాలుగు సెంటీమీటర్ల రాయొకటి ఏరుకుని జాకరమ్మ కొండెక్కింది.

"మా అమ్మ మీదా? వద్దు తల్లీ, మా కోడలికి ఇప్పుడే తెల్లెంట్రుక వచ్చింది. ఆయన మీద పెట్టుకో," అంది బుద్రమ్మ.

బుద్రమ్మ పక్కనే ఉన్న సోమన్న రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "బాగుందమ్మా! మేం ముసలోళ్లమైపోవాలా? మొదటి సామలు కూడా వాళ్లకే ఇచ్చేస్తాం, ఆళ్ల మీదే పెట్టుకో."

"మొన్నటిదాకా రాళ్లు మోసి నా ప్రాణం తీశారు కదయ్యా! ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి పెట్టనివ్వరా?"

బుద్రమ్మకి జాలేసింది. ఆ రాయి అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కొండ మీద వద్దు గానీ, వాళ్లొచ్చిన రోజు ఈ గడియారం కాలికింద పెట్టెయ్. కొండ ఎదగదు, నీ అంకె మారుద్ది."

తొమ్మిదేళ్లలో ఒక్క మిల్లీమీటరు అబద్ధమాడని యంత్రం. హైమవతి చాలాసేపు దానివైపే చూసి, రాయి తీసుకుంది.

కమిటీ వచ్చింది. శంకుదేవుడు 1,611.900, జాకరమ్మ 1,611.940. కమిటీ పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, "ఇదీ యంత్రమంటే! ఎంత నిఖార్సుగా పసిగట్టింది!" అని సంతకం పెట్టాడు.

ముప్పై ఒక్క ఎత్తులూ పుస్తకంలోకి ఎక్కాయి. వాటిలో అబద్ధం ఒక్కటే. కమిటీ నమ్మిందీ దాన్ని చూసే.