తెలకపల్లి ఆమె

ఆ పొద్దు పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి. "అత్తకు ఇయ్యాల ధ్యాస యాడుందో" అని కోడలు నర్సమ్మ నవ్వింది. మనవరాలు పుష్పకు తాంబూలాలు మార్చుకునే రోజు కదా, ముసలిదానికి సంబరం ఆగడం లేదనుకుంది.

అనంతమ్మది సంబరం కాదు. సంబంధం మాట్లాడిందంతా మగవాళ్లే. వియ్యంకుల ఇంటిపేరు ఆమె చెవిన పడింది నిన్ననే. వనపర్తి వంగరోళ్లు. వనపర్తిలో వంగరోళ్లు పదిండ్లు ఉంటారు, వీళ్లు వాళ్లే కావాలని ఏముంది అని తనకు తానే చెప్పుకుంటూ ఒకసారి అలికిన అరుగునే మళ్లీ అలికింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక నూలు దొరకక గద్వాలలో సగం మగ్గాలు ఆగాయి గానీ పెండ్లిళ్లు ఆగలేదు. పెండ్లికి ముందు వంశం చూపించుకోవడమూ ఆగలేదు. సాలెవాళ్ల వంశాలు రాసుకుని ఊరూరా తిరగడం కూనపులివాళ్ల వృత్తి. అందుకే అనంతమ్మ కొడుకు బాలకిష్టయ్య కూనపులి వెంకట్రాములును పిలిపించాడు. ఆయన మంచం మీద మూట విప్పాడు. ఊరికొక కాగితాల కట్ట.

"మనిషి పేరు చెప్తే నాకు దొర్కదు. ఊరు చెప్పుండ్రి. ఊర్ల కెల్లి మనిషిని నేను తీస్త."

ముందు గద్వాల కట్ట తీశాడు. బాలకిష్టయ్య తాతను, తండ్రిని రాగం తీసి చదివి, "భార్య, తెలకపల్లి ఆమె" అన్నాడు. ఆ కాగితాల్లో ఆడవాళ్లకు పేర్లుండవు, పుట్టినూరే పేరు. గడప లోపల నిలబడ్డ అనంతమ్మను వీధిలో అందరూ పిలిచేదీ అలాగే.

"ఇగ మా వనపర్తిది తియ్యి" అన్నాడు పెండ్లికొడుకు తండ్రి. నలభై దాటిన నెమ్మదస్తుడు. అతను బండి దిగినప్పటి నుంచి ఆ ముఖం వైపు చూడడానికి అనంతమ్మకు ధైర్యం చాలలేదు.

వెంకట్రాములు వేలు ఒక్కో వంగరి ఇంటినీ దాటుకుంటూ పోయింది. దాటిన ప్రతి ఇంటినీ ఆమె లోపలే లెక్కపెట్టింది. "వంగరి లింగయ్య. చిన్న వయసులనే పోయిండు. భార్య, తెలకపల్లి ఆమె. ఒక్కడే కొడుకు, కురుమూర్తి."

"ఆ కురుమూర్తిని నేనే" అన్నాడు వియ్యంకుడు.

కురుమూర్తి సామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టింది అనంతమ్మే.

బాలకిష్టయ్య నవ్వాడు. "బాగున్నది బావా. మీ అమ్మా, మా అమ్మా ఒక్క ఊరోళ్లే."

"ఊరొక్కటైతే ఏమైతది, గోత్రాలు వేరు. ఏ అడ్డం లేదు" అని వెంకట్రాములు కట్ట కట్టేశాడు. "తాంబూలాలు పుచ్చుకోండ్రి."

ఏ అడ్డమూ లేదని కాగితమే చెబుతోంది. తను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. మెదిపితే నలభై ఏండ్ల మర్యాద ఒక్క మాటతో పోతుంది, కొడుకు మళ్లీ తన ముఖం చూస్తాడో లేదో. కానీ లోపల పుష్ప అద్దం ముందు పూలు పెట్టుకుంటోంది. ఆ పిల్లను అన్న వరస అయ్యేవాడి పక్కన కూర్చోబెట్టి అక్షింతలు వెయ్యడానికి తనకు చెయ్యెలా వస్తుంది?

అనంతమ్మ గడప దాటి వచ్చి తాంబూలాల పళ్లెం మీద చెయ్యి పెట్టింది. "జర ఆగుండ్రి."

"ఏమైందే అమ్మా?" అన్నాడు బాలకిష్టయ్య.

"ఆ కాయితాలల్ల ఇద్దరు తెలకపల్లోళ్లు లేరు బిడ్డా. ఒక్కతే. నేనే."

గోడ వైపు చూస్తూ అంతా చెప్పింది. పద్దెనిమిదేండ్లకు మొదటి మగడు చనిపోయాడు. మూడు నెలలు తిరగకముందే మరిది ఆమెను పుట్టింటికి తోలాడు. పిల్లవాడు తమ వంశమని అట్టిపెట్టుకున్నాడు. రెండేండ్లకు అన్న మారుమనువు చేసి గద్వాలకు పంపాడు.

బాలకిష్టయ్య కోపంతో లేచాడు. "ఇన్నేండ్లు దాస్తివా? నాయినకు ఎర్కనా?"

"ఎరికయ్యే చేసుకున్నడు. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నడు."

"పీటలదాక వచ్చిన పెండ్లి ఆగిందంటే నలుగురికి ఏమని చెప్పాలె?"

"పీటలెక్కకుండ ఆపిన. ఇగ నన్నేమన్నా అను" అంది. పళ్లెం మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. అది చూసి బాలకిష్టయ్య మంచం మీద కూలబడ్డాడు.

కురుమూర్తి లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. "నేను పాలు మర్శినంక పోయినవా, ముందుగాలనా?" అని అడిగాడు.

"నీకు ఏడో నెల. రొమ్ము మీదికెల్లి గుంజుకున్నరు. తెలకపల్లి చేరేదాక నా రైక తడుస్తనే ఉన్నది."

కురుమూర్తి కండువాతో ముఖం కప్పుకున్నాడు. బాలకిష్టయ్య లేచి "బావా" అనబోయి, ఆగి, "అన్నా, లోపలికి రా" అన్నాడు. ఆ పిలుపు వినగానే పుష్పకు సంగతి అర్థమైంది. ఏడుపు ముఖంతోనే చెంబుతో నీళ్లు తెచ్చి పెదనాయిన ముందు పెట్టింది.

కాళ్లు కడుక్కుని కురుమూర్తి వంటింట్లో నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు సచ్చిపోయినవని చిన్నాయిన చెప్పిండు. బుద్ధెరిగిన కాడికెల్లి ఏటా పెత్రమాసకు, పెద్దలకు పెట్టే అమాస నాడు, పోయినోళ్లతోని పాటు నీ పేరు మీద గూడ బియ్యమిస్తున్న." పొయ్యి మీది అన్నం గిన్నె వైపు చూశాడు. "ఇన్నేండ్లు నీకు నేను పెట్టిన. ఇయ్యాల నువ్వు నాకు పెట్టమ్మా."

అనంతమ్మ అన్నం కలిపింది. ఏడుస్తూనే ముద్ద చేసి, నలభై దాటిన కొడుకు నోటికి అందించింది.